కౌలు రైతులు నిలబెట్టిన చెక్క ఇల్లు

ఈసారి పంటల సంగతి కాదు, ఒక ఇంటి సంగతి రాస్తున్నాను. కాస్త పొడుగైంది. పొలం పనులయ్యాక తీరిగ్గా చదవండి.

మా మేనకోడలి కుటుంబం మాంచెస్టర్‌లో ఉంటుంది. మొన్న వేసవి సెలవుల్లో పిల్లలతో కలిసి ఒక పాత ఇల్లు చూడ్డానికి వెళ్ళి నాకు ఫోటోలు పంపింది. మూడంతస్తుల చెక్క ఇల్లు. గోడల నిండా నలుపు తెలుపు గళ్ళు. చుట్టూ చెరువులా నీళ్ళు. వెతికినా ఒక్క గీత తిన్నగా లేదు. కిటికీలు ఒక పక్కకి, కప్పు ఇంకో పక్కకి ఒరిగి ఉన్నాయి. "మామయ్యా, ఇది ఐదొందల ఏళ్ళ నాటి ఇల్లంట. గోడలు మట్టీ పేడా కలిపి మెత్తినవంట. అమ్మమ్మ వాళ్ళ ఇల్లు గుర్తొచ్చింది" అని కింద రాసింది.

అమ్మమ్మ వాళ్ళ ఇల్లంటే ఇప్పుడు నేనుంటున్న ఇల్లే. మా తాత కట్టించిన పెంకుటిల్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే దాన్ని పడగొట్టాలా ఉంచాలా అని మా ఇంట్లో వాదన నడుస్తోంది. వసారా పక్క గదిలో దూలం కిందికి దిగింది. "ఇంక దీని పనైపోయింది నాన్నా, పడగొట్టి స్లాబు వేసేద్దాం" అంటాడు మా అబ్బాయి. నాకేమో మనసొప్పదు. అలాంటప్పుడు ఆ ఫోటో కంటపడితే ఊరుకోలేకపోయాను. అంత వంగిన ఇల్లు ఐదొందల ఏళ్ళు ఎలా నిలబడిందా అని నెల రోజులు దొరికిందల్లా చదివాను. చదివింది మీతో చెప్తున్నాను.

ఆ ఇంటి పేరు లిటిల్ మోర్టన్ హాల్. ఇంగ్లండులో చెషైర్ అనే కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, కాంగల్టన్ అనే ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో ఉంది. కట్టించినవాళ్ళు రాజులూ జమీందార్లూ కాదు. మోర్టన్ అనే ఇంటిపేరున్న ఒక భూమి గల కుటుంబం. 1348లో ఇంగ్లండుకు పెద్ద ప్లేగు వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. దున్నేవాడు లేక భూమి చవకైపోయింది. ఆ సమయంలో వీళ్ళు కొనుక్కుంటూ పోయారు. తర్వాత 1530ల్లో ఎనిమిదో హెన్రీ రాజు క్రైస్తవ మఠాలన్నీ మూయించి వాటి భూములు అమ్మకానికి పెట్టించాడు. అప్పుడూ వీళ్ళ ఆస్తి పెరిగింది. 16వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి 1,360 ఎకరాల భూమి, నీటితో తిరిగే పిండిమరలు, ఇనుము కరిగించే కొలిమి ఉన్నాయి. ఒకరి కష్టకాలం ఇంకొకరికి కలిసిరావడం మన ఊళ్ళలోనూ చూస్తూనే ఉన్నాం కదా.

ఆ డబ్బుతో కట్టుకున్న ఇల్లిది. ఒక్కసారి కట్టింది కూడా కాదు. విలియం మోర్టన్ అనే ఆయన 1504, 1508 మధ్య మొదలుపెట్టాడు. కొడుకు కొంత, మనవడు కొంత కలుపుకుంటూ పోతే 1610 దాకా పని సాగింది. అంటే వందేళ్ళు. ఎవరికి ఎప్పుడు చేతిలో డబ్బు ఆడితే అప్పుడు ఒక గది. అందుకే ఆ ఇంటికి ఒక కొలతంటూ లేదు. ముందు పెద్ద హాలు, దానికి అటూ ఇటూ రెండు వైపులా గదుల వరసలు, ఆ తర్వాత దక్షిణం వైపు ద్వారం, దాని మీద అంతస్తులు. మధ్యలో రాళ్ళు పరిచిన ముంగిలి మిగిలింది.

చుట్టూ ఉన్న నీటి కందకం ఈ ఇంటికంటే పాతది. 33 అడుగుల వెడల్పు. శత్రువుల కోసం తవ్వుకున్నారేమో అనుకున్నాను. అందుకు కాదట. కోటలకు కందకం ఉంటుంది కాబట్టి మాకూ ఉంది అని చూపించుకోవడానికట. పైగా మరుగుదొడ్ల గదులు కందకం మీదికే కట్టారు, అంతా అందులోకే పోయేట్టు. గొప్ప కోసం తవ్విన నీళ్ళు చివరికి దేనికి పనికొచ్చాయో చూడండి.

ఇక ఇల్లు కట్టిన పద్ధతికి వస్తాను. నాకు బాగా నచ్చింది ఇదే.

కింద రాతి పునాది. దాని మీద ఓక్ చెట్టు కర్రతో పంజరం. మనకు టేకు ఎంతో వాళ్ళకు ఓక్ అంత. బరువంతా ఆ కర్రల పంజరమే మోస్తుంది, గోడలు మోయవు. ఒక కర్ర చివర నాలుకలా చెక్కుతారు, ఇంకో కర్రకు సరిగ్గా అంతే బెజ్జం తొలుస్తారు. దాన్ని ఇందులోకి దించి, అడ్డంగా చిల్లు పెట్టి, చెక్క మేకు కొడతారు. మన వడ్రంగులు కూసం అనేది దీన్నే. బండి చేసినా, ద్వారబంధం చేసినా ఇదే పని. కూసాలు కదిలిపోయాయి అని మనం తిట్టుకునే మాట ఇందులోంచి వచ్చిందే.

ఇంకో విషయం. మనం కర్రను ఎండబెట్టి వాడతాం. వాళ్ళు ఓక్‌ను పచ్చిగా ఉన్నప్పుడే కోసి బిగించేవాళ్ళు. ఎండిన ఓక్ ఉలికి లొంగదు, అంత గట్టిపడుతుంది. పచ్చిది సులువుగా చెక్కొచ్చు. బిగించిన తర్వాత ఎండుతూ ఎండుతూ కూసాలు ఇంకా బిగుసుకుంటాయి. ఆ బిగువులో కర్రలు కొంచెం మెలితిరుగుతాయి కూడా. పాత ఇంగ్లీషు చెక్క ఇళ్ళు వంకరగా ఉండటానికి ఇది ఒక కారణం. ఆ వంకర అంతా శిథిలం కావడం వల్ల వచ్చింది కాదు. కొంత పుట్టుకతో వచ్చింది.

పంజరం నిలబెట్టాక కర్రల మధ్య ఖాళీలు పూడ్చాలి. ఆ కాలపు పద్ధతి ఏంటంటే, సన్నని పుల్లలు తడికలా అల్లి ఆ ఖాళీలో బిగిస్తారు. బంకమట్టి, పశువుల పేడ, తరిగిన గడ్డి, ఒక్కోసారి గుర్రపు వెంట్రుకలు కలిపి కాళ్ళతో తొక్కి, రెండు వైపుల నుంచీ ఇద్దరు మెత్తుతారు. ఆరాక పైన సున్నం. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది నాకు. మా చిన్నప్పుడు పశువుల పాకకు దడి అల్లి, మా అమ్మా మా మేనత్తా మట్టి మెత్తింది కళ్ళ ముందు ఆడింది. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటూ లోపలొకరు, బయటొకరు నిలబడి మెత్తేవాళ్ళు. వేల మైళ్ళ దూరంలో 1,360 ఎకరాల ఆసామి ఇంటి గోడకు కూడా అదే పేడ, అదే మట్టి. పేదవాడి గోడ అని మనమే పేరు పెట్టుకున్నాం.

ఇప్పుడు ఫోటోల్లో కర్రలు నల్లగా నిగనిగలాడుతుంటాయి. ఆ వైపు ఇళ్ళకు తారు నలుపు పూయడం ఎక్కువగా 19వ శతాబ్దంలో వచ్చిన మోజు. అంతకు ముందు ఓక్‌ను అలాగే వదిలేస్తే వానకూ ఎండకూ వెండి రంగు తిరిగేది.

బయటి నుంచి చూస్తే పై అంతస్తు కింది అంతస్తు కంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాని పైది ఇంకొంచెం ముందుకు. నేల కర్రల్ని గోడ దాటించి బయటికి వదిలి, వాటి చివర్ల మీద పై గోడ లేపుతారు. పైన గది పెద్దదవుతుంది. వాన నీళ్ళు కింది మట్టి గోడ మీద పడకుండా దూరంగా జారిపోతాయి. మన చూరు చేసే పనే. చూసేవాళ్ళకు దర్జాగా కూడా ఉంటుంది.

దర్జా అన్నాను కదా, గోడల మీద చేప ముల్లులా ఏటవాలుగా పేర్చిన కర్రలు, నాలుగు రేకుల పువ్వుల్లా చెక్కిన ముక్కలు ఉన్నాయి. వాటిలో చాలా కర్రలు బరువు మోయవు. ఉత్తి అలంకారం. ఇంత ఓక్ మాకు లెక్క కాదు అని దారినపోయే వాళ్ళకు చెప్పడం.

కిటికీలు అంతకు మించి. అప్పట్లో గాజు చాలా ఖరీదు. పెద్ద పలకలు చేయడం రాదు. చిన్న చిన్న ముక్కల్ని సీసపు పట్టీలతో అతికి కిటికీ చేసేవాళ్ళు. ఈ ఇంట్లో అలాంటి ముక్కలు 30,000 ఉన్నాయి. చతురస్రాలు, వజ్రం ఆకారాలు, గుండ్రాలు, త్రికోణాలు. అందులో 16వ శతాబ్దపు గాజు ఇప్పటికీ చాలా ఉంది.

ఈ కిటికీల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. మొదట కట్టిన పెద్ద హాలు పైకప్పు దాకా ఒకటే గది. తర్వాత రెండో విలియం మోర్టన్ 1559లో దానికి మధ్యలో ఇంకో అంతస్తు వేయించాడు. ముంగిలి వైపు రెండు పెద్ద కిటికీ గదులు ముందుకు పొడిపించాడు. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే వాటి కప్పులు ఒకదానికొకటి తగులుతాయి. ఆ కిటికీల పైన కర్ర మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఒకచోట దేవుణ్ణి తలుచుకుని, యజమాని పేరు, సంవత్సరం. ఇంకోచోట వడ్రంగి రిచర్డ్ డేల్ పేరు, దేవుడి దయతో ఈ కిటికీలు చేసింది నేను అని. స్పెల్లింగులు మన వడ్రంగి రాసినట్టే ఉంటాయి, చెవికి ఎలా వినబడితే అలా.

ఆ హాలు మధ్యలో వేసిన అంతస్తు తర్వాత కాలంలో తీసేశారు. వడ్రంగి పేరు మాత్రం అలాగే ఉంది. మా తాత ఇంటి ద్వారబంధం మీద హంసలు, తామరలు చెక్కిన వడ్రంగి ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇల్లు కట్టించినవాడి పేరు అందరం చెప్పుకుంటాం. చేసినవాడి పేరు అడగడం ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు ఆ వంకర సంగతి.

రెండో విలియం కొడుకు జాన్ మోర్టన్ 1560, 1562 మధ్య దక్షిణం వైపు ద్వారం, దాని పైన గదులు కట్టించాడు. అప్పుడు ఇంగ్లండులో పెద్దవాళ్ళ ఇళ్ళలో ఒక కొత్త మోజు. పొడవాటి గ్యాలరీ. వాన పడుతున్నప్పుడు ఇంట్లోనే అటూ ఇటూ నడవడానికి, ఆడుకోవడానికి. జాన్‌కూ అది కావాలనిపించింది. పని మొదలయ్యాక మధ్యలో తోచిన ఆలోచన అంటారు. రెండంతస్తులకు వేసుకున్న పంజరం మీద మూడో అంతస్తుగా 68 అడుగుల గ్యాలరీ ఎక్కించారు. పొడవునా రెండు వైపులా కిటికీలే. అంటే గోడలో బలం లేదు. దాని మీద కప్పు పెంకులు కాదు, గరుకు ఇసుకరాతి పలకలు.

ఆ బరువుకు కింది నేలలు కుంగాయి, గోడలు ఉబ్బాయి, కర్రలు ఒరిగాయి. గ్యాలరీ గోడలు రెండు పక్కలకూ విచ్చుకుపోకుండా ఉండటానికి తర్వాతి శతాబ్దంలో అడ్డ దూలాలు వేసి కట్టాల్సి వచ్చింది. ఈ రోజు ఫోటోలు తీసుకోవడానికి జనం వెళ్ళే ఆ వంకర, ఒక మనిషి మోజు కోసం చేసిన తప్పు.

కానీ కూలలేదు. ఎందుకంటే ఆ పంజరంలో ప్రతి కూసం కొంచెం కొంచెం కదిలింది. బరువు ఒకచోట పడితే పక్క కర్ర కాస్త పుచ్చుకుంది, దాని పక్కది ఇంకాస్త. రాతి కట్టడానికి అంత బరువు మీద పడితే బీట వస్తుంది. కర్ర వంగి సర్దుకుంటుంది. అయితే సర్దుకోవడానికీ ఒక హద్దుంది. అది దాటకముందే ఎవరో ఒకరు వచ్చి దూలం వేయాలి.

ఆ గ్యాలరీలో రెండు చివర్లా గోడ మీద సున్నంతో చేసిన బొమ్మలున్నాయి. ఒక చివర విధి అనే స్త్రీ, చేతిలో గోళం. ఆమెను నడిపేది జ్ఞానం అని రాత. రెండో చివర అదృష్టం అనే స్త్రీ, చేతిలో చక్రం. దాన్ని నడిపేది అజ్ఞానం అని రాత. రాబర్ట్ రికార్డ్ అనే పండితుడు 1556లో అచ్చువేసిన ఖగోళశాస్త్ర పుస్తకంలోని బొమ్మ చూసి చేసినవి. జాన్ మోర్టన్ రోజూ వాటి మధ్య నడిచేవాడన్నమాట. చక్రం వాళ్ళ ఇంటి మీద తిరగడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

1642లో ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. మోర్టన్లు రాజు పక్షం. చుట్టుపక్కల చాలామంది పార్లమెంటు పక్షం. 1643లో ఇల్లు లాగేసుకుని అందులో సైనికుల్ని దింపారు. అర్జీలు పెట్టుకుని ఇల్లయితే తిరిగి తెచ్చుకున్నారు, నడ్డి మాత్రం విరిగింది. మొత్తం ఆస్తి అమ్మకానికి పెట్టారు. కొన్ని ముక్కలే పోయాయి, మిగతాది కొనేవాళ్ళు లేరు. 1654లో మూడో విలియం చనిపోయేనాటికి మూడు నాలుగు వేల పౌండ్ల అప్పు. వారసులు మళ్ళీ తాకట్టు పెట్టారు. 1670ల చివరికొచ్చేసరికి ఆ కుటుంబం ఆ ఇంట్లో ఉండటమే మానేసి, ఇల్లూ పొలమూ కౌలుకిచ్చేసింది.

అక్కడి నుంచి రెండొందల ఏళ్ళకు పైగా ఆ ఇల్లు కౌలు రైతులది. హక్కు కాగితం మోర్టన్లది, కాపురం కౌలుదారుది.

ఇదే నన్ను బాగా ఆలోచింపజేసింది. మోర్టన్లకు డబ్బు ఉండి ఉంటే ఏం చేసేవాళ్ళు? ఆ కాలపు మిగతా పెద్దవాళ్ళు చేసిందే. 18వ శతాబ్దంలో ఇటుకతో, రాతితో తిన్నటి గోడల కొత్త భవనాలు వచ్చాయి. పాత చెక్క ఇళ్ళు మోటుగా అనిపించాయి. చాలావాటిని పడగొట్టారు, లేకపోతే ముందు వైపు ఇటుక గోడ కట్టి కప్పేశారు. ఈ ఇంటికి ఆ రాత తప్పింది. యజమానికి కొత్తది కట్టే స్థోమత లేదు. కౌలు రైతుకు కట్టే హక్కు లేదు. రైతుకు కావాల్సింది వాన కురవని నాలుగు గదులు. ఆ నాలుగు గదుల్లో పొయ్యి వెలిగింది, కప్పు చూసుకున్నారు. మిగతావి గోదాములయ్యాయి. 1847 నాటికి ఇంట్లో ఎక్కువ భాగం ఎవరూ ఉండని గదులే. కుటుంబం ప్రార్థన చేసుకున్న చిన్న చాపెల్‌లో బొగ్గు పోసుకున్నారు.

బొగ్గు పోశారని చదివి కొంతమంది బాధపడతారు. నాకు బాధనిపించలేదు. బొగ్గు తడవకూడదు కాబట్టి ఆ గది కప్పును ఎవరో ఒకరు చూసుకునే ఉంటారు. వాడని గదే ముందు పాడవుతుంది. మీ ఊళ్ళో తాళం వేసి హైదరాబాదు వెళ్ళిపోయిన వాళ్ళ ఇళ్ళు చూడండి, పదేళ్ళలో వాసాలు కూలతాయి.

1841లో డేల్ అనే కుటుంబం కౌలుకు వచ్చింది. అవును, ఆ వడ్రంగి ఇంటిపేరే. పేరు కలిసింది, నేనైతే అంతకు మించి ముడిపెట్టను. వాళ్ళు తరతరాలుగా అక్కడే ఉండిపోయారు.

1892లో ఆ ఇల్లు ఎలిజబెత్ మోర్టన్ అనే ఆవిడకు వారసత్వంగా వచ్చింది. ఆవిడ సన్యాసిని, చర్చి సేవలో ఉండేది. ఇంటికి మరమ్మతులు మొదలుపెట్టించింది. చాపెల్ శుభ్రం చేయించింది. ఆ పొడవాటి గ్యాలరీని బిగించిన ఉక్కు కడ్డీలు కూడా ఆవిడే వేయించి ఉండొచ్చంటారు. అదే నిజమైతే, జాన్ మోర్టన్ చేసిన తప్పుకు మూడొందల ఏళ్ళ తర్వాత ఆ ఇంటి ఆడబిడ్డ చేయించిన వైద్యం అది. 1912లో ఇల్లు తన బంధువు చార్లెస్ అబ్రహాం అనే బిషప్పుకు రాసిచ్చింది, ఎప్పటికీ అమ్మకూడదు అనే షరతుతో. ఆయన జనాన్ని చూడ్డానికి రానిచ్చాడు. మనిషికి ఆరు పెన్నీల టికెట్టు. ఆ డబ్బు వసూలు చేసి, ఇల్లు తిప్పి చూపించింది ఎవరనుకున్నారు? ఆ డేల్ కుటుంబమే.

1938లో అబ్రహాం, ఆయన కొడుకు కలిసి ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించారు. అక్కడ పాత ఇళ్ళు, భూములు కాపాడే సంస్థ అది. డేల్ వాళ్ళు 1945 దాకా సేద్యం చేశారు, 1955 దాకా ఇంటికి కాపలా ఉన్నారు. అంటే 114 ఏళ్ళు. వాళ్ళు వెళ్ళాక 1976లో ఒక గదిలో చెక్క పలకలు తీస్తే, వెనకాల గోడ మీద 16వ శతాబ్దపు రంగుల బొమ్మలు బయటపడ్డాయి. బైబిల్ సంప్రదాయంలోని సుసన్నా కథ. పలకలు కొట్టినవాళ్ళు మోటు అనుకుని మూసేశారు, ఆ మూతే వాటిని కాపాడింది.

ఇప్పుడు మా ఇంటి దూలం సంగతి చెప్పి ముగిస్తాను.

ఇదంతా చదివాక ఒక రోజు నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. మా తాత ఆ అటకను ఎండు మిరపకాయల బుట్టలకు, విత్తనాల కుండలకు వేయించాడు. పదిహేనేళ్ళ నుంచి నేను దాని మీద బస్తాలు ఎక్కిస్తున్నాను. ధాన్యం, మినుములు, ఒక్కోసారి ఎరువు. మూడేళ్ళ క్రితం రేటు కోసం ఆగి ఆగి ముప్ఫై బస్తాల దాకా పెట్టాను. దూలం అప్పటి నుంచే దిగడం మొదలైంది. ఇల్లు ముసలిదై వంగింది అని ఇంట్లో అందరికీ చెప్తూ వచ్చాను. అది అబద్ధం. వంచింది నేను.

మా అబ్బాయిని కూర్చోబెట్టి ఈ మాట ఒప్పుకున్నాను. మా ఊరి పాత వడ్రంగిని పిలిపించాం. దూలం ఒక చివర, పెంకు పగిలి వాన దిగిన చోట, జానెడు మేర మెత్తబడింది. మిగతాదంతా గట్టిగానే ఉంది. ఆ ముక్క తీసి కొత్త టేకు కూసం వేసి అతకొచ్చు, కింద ఒక నిట్రాట పెడితే చాలు, అటక మీద బరువు దింపేయండి అన్నాడు. బస్తాలు దింపేశాం. మా అబ్బాయి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. రెండు వానాకాలాలు చూద్దాం, అప్పటికీ దిగితే స్లాబే అన్నాడు. సరే అన్నాను. వాడి మాటలోనూ న్యాయం ఉంది, రేపు ఆ ఇంట్లో ఉండాల్సింది వాడే.

పని వచ్చే వారం. అతుకు వేసిన చోట ఆ వడ్రంగి పేరు, సంవత్సరం చెక్కమని అడిగాను. మొదట నవ్వాడు, తర్వాత ఏ లిపిలో చెక్కాలి అని అడిగాడు. తెలుగులోనే అన్నాను.

మీ ఇళ్ళలో పాత దూలాలు ఉంటే, పడగొట్టే ముందు ఒక్కసారి ఎక్కి చూడండి. అటక మీద ఏముందో కూడా చూడండి. మీ ఇంటి తలుపులు చేసిన వడ్రంగి పేరు మీకు తెలిస్తే కింద రాయండి, చదువుతాను.